సరుకు వివరణ

సొసైటీ ఆఫీసుల నా కుర్చీకి మూడు కాళ్లే గట్టివి.
నాలుగో కాలు కింద పాత ఇన్వాయిసు పుస్తకం.
పదకొండేండ్లుగా దాని మీద కూసొనే
మా ఊరి బట్టను సముద్రాలు దాటిస్తున్న.
సముద్రాన్ని నేను చూడలే.

నిన్న చౌటుప్పల్ దిక్కు నుంచి తెల్ల కారొచ్చింది.
అందులోంచి ఒక ద్వీపం దిగింది.
మ్యాపు మీద ఈగ వాలితే కనబడకుండ పోయే దేశం,
అక్కడి సర్కారు మనిషి, పేరు మరీల్,
చెప్పుల నిండ మా ఎర్ర దుమ్ము.

వాళ్లకు డోలు ఉందట, తాటాకు చాపలున్నయట,
వలలు గుంజేటప్పుడు పాడుకునే పాటలున్నయట.
అన్నిటినీ ఎగుమతి చెయ్యాలని
వాళ్ల మంత్రి ఆర్డరేసిండట.
హైదరాబాదు నుంచొచ్చిన దుబాసి పిల్లగాడు
ఆమె మాటను రెండుసార్లు విరిచి మాకిచ్చిండు:
"ఇది సంస్కృతి అని మీకెప్పుడు తెలిసింది?"

మార్కండేయులు గుంటమగ్గంల నుంచి కాళ్లు తియ్యకుండనే అన్నడు:
"జిల్లా ఆఫీసరొచ్చి చెప్పినంక.
అంతకుముందు అప్పు అనుకున్నం."
పిల్లగాడు ఆమెకేం చెప్పిండో తెల్వదు,
నోటుబుక్కుల చానాసేపు రాసుకున్నది.

అన్నీ చూపించినం.
ఆముదపు కాయల బూడిద నానేసిన కుండలు,
నూనె తాగి తాగి బరువెక్కిన నూలు,
ముడి కింద రంగు చొరకుండ
బిగించి కట్టే సైకిల్ ట్యూబు పేలికలు.
అక్కడ ఆగింది.
"రబ్బరు కూడా సంప్రదాయమేనా?"
"పంచరైనయన్నీ," అన్నడు మార్కండేయులు.

అండాలమ్మ ఆసు పోస్తున్నది.
చెయ్యి పోవాలె, రావాలె, మొల చుట్టి మళ్ల పోవాలె,
ఒక్క చీరెకు వేలసార్లు.
భుజం పడిపోయి పదేండ్లు,
చెయ్యి మాత్రం ఇంకా పోతనే ఉంది.
మరీల్ ఆ చెయ్యినే చూసుకుంట
"మా ఒడ్డున వలలల్లేటోళ్లు..." అని
మాట సగంల విడిచిపెట్టింది.
నా ఫారంల ఈ చెయ్యికి గడి లేదు.
పొడుగుకుంది, వెడల్పుకుంది, బరువుకుంది,
రంగు పోదన్న హామీకుంది.

పోయే ముందర సంచిలోంచి తీసింది.
మడత మీద మడత, ఎర్రది, నల్ల గళ్లది.
వాళ్ల తాత పడవ మీద తలకు చుట్టుకున్న రుమాలు.
నూనె వాసన దేశం నుంచి వచ్చిందని
ముసలోళ్లు చెప్పేటోళ్లట.
"మీదేనా?"

అండాలమ్మ ముక్కు దగ్గర పెట్టుకున్నది.
తిరగేసింది.
ఎనుక దిక్కు రంగు వెలవెలబోయి ఉంది.
"కట్టింది కాదు బిడ్డా, అద్దింది.
మాది జూసి మిల్లోడు చేసిన నకలు."

నేను సైగ చేసిన, మాదేనని చెప్పు,
ఆర్డరు పోతది.
పిల్లగాడు ఉన్నదున్నట్టే చెప్పిండు.
వాని నౌకరి ఇంకా కొత్తది.

మరీల్ తల వంచుకున్నది.
"సగం కప్పి తాతను సాగనంపినం.
ఇది మిగిలిన సగం."

అండాలమ్మ దాన్ని పాత మడతల మీదనే మడిచి
కండ్లకద్దుకోని ఇచ్చింది.
నకలుకు దండం పెట్టుడు
నేను మొదటిసారి చూసిన.

అటెన్క దూలం మీదికెళ్లి చిన్న రుమాలు దించింది.
మగ్గం నేర్చుకునే రోజుల్ల మొగడు నేసింది,
ఓ అంచు వంకర.
"ఇది తీస్కపో. ఎనుక గూడ ఎర్రగనే ఉంటది."

ఇంకా మూడు దేశాలు తిరగాలట ఆమె,
పోస్టుల పంపమన్నది.

కారు పోయినంక ఫారం ముందటేసుకున్న.
సరుకు వివరణ: చేనేత రుమాలు, ఒకటి.
ధర గడిల ఏం రాస్తే సుంకం పడదో
పదకొండేండ్ల చెయ్యికి తెలుసు.
నమూనా. వాణిజ్య విలువ లేదు.

గడపల నిలబడి అండాలమ్మ అడిగింది,
"ఏం రాసినవ్, సదువు."
"నమూనా," అన్న.
"గంతేనా? గంత పొడుగున్నది గదా?"

ఫ్యాను గాలికి కార్బన్ కాగితం లేచింది.
దాని మీద అరచెయ్యి పెట్టిన.